రద్దీ గడియకు లెక్క

ఢిల్లీ మహానగరమునకు దక్షిణమున, ఆరావళీ మిట్టల ప్రక్కన, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీవారు 1980ల నుండి కట్టుకొనివచ్చిన ఇండ్లతో ఏర్పడిన వసంత్ కుంజ్ పేటలో, నెల్సన్ మండేలా రోడ్డు మీద, భారతీ ఎయిర్‌టెల్ సంస్థవారి ప్రధాన కార్యాలయము కలదు. చెన్నపట్టణపు తీరము నుండి సింగపూరు దాక రమారమి 3,200 కిలోమీటర్ల పొడవున సముద్రగర్భములో పరచిన ఐ2ఐ అను కేబులు, 2002లో ఈ భారతీ సంస్థయు సింగ్‌టెల్ సంస్థయు కలిసి వేసినది. సెకనుకు ఎనిమిది లక్షల కోట్ల బిట్లకు పైగా మోయగల సామర్థ్యముతో దానిని రూపొందించిరి. అంతటి వ్యవస్థలను నడుపు కార్యాలయమునకు కూతవేటు దూరమున కూర్చున్న ఒక గృహస్థు, తాను పెట్టిన చిన్న వెబ్‌సైటు పండుగనాడు నాలుగు వందలమంది ఒక్కసారి చూడబోవునప్పటికి చేతులెత్తివేసినదని విచారించుచుండినచో, ఆ దోషము కేబులుది కాదు. సైటు పెట్టునాడు వేసికొనవలసిన లెక్క వేసికొనకపోవుటయే దానికి కారణము. ఆ లెక్క ఏమంత కఠినము కాదు. కాని సాధారణముగా దానిని వేయు పద్ధతిలో ఒక పెద్ద పొరపాటు దాగియున్నది. దానిని విప్పి చెప్పుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

తొలుత తెలియవలసినదేమనగా, బ్యాండ్‌విడ్త్ అను పేరుతో రెండు వేరువేరు పరిమాణములు వ్యవహారములో నలుగుచున్నవి. హోస్టింగు అమ్మువారు తమ ధరల పట్టికలో ‘నెలకు 100 జీబీ’ అని వ్రాసినప్పుడు, అది నెల మొత్తముమీద మన సైటు నుండి బయటికి పోవు డేటా రాశి. ఇంజనీరు ‘100 ఎంబీపీఎస్’ అనినప్పుడు, అది ఒక్క సెకనులో ఎంత పోగలదను వేగము. ఎండకాలమున నీటి ట్యాంకరు కొఱకు కాచుకొనుట అలవాటైన వసంత్ కుంజ్ నివాసులకు ఈ భేదము వెంటనే బోధపడును: నెలకు వాడుకొన్న నీరెంత అనునది మొదటిది, గొట్టము లావెంత అనునది రెండవది, నెల లెక్కకు సరిపడు నీరున్నను, ఉదయమున ఇంటింట కుళాయిలు ఒక్కసారి విప్పినప్పుడు సన్నని గొట్టము చాలదు. రాశిని బైట్లలోను, వేగమును బిట్లలోను చెప్పుట పరిపాటి. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. కనుక సెకనుకు ఒక్క మెగాబిట్ వేగమున 30 దినములు రేయింబవళ్ళు ఎడతెగక డేటా పంపినచో, ఆ 25,92,000 సెకన్లలో పోవునది 324 గిగాబైట్లు. ఈ ఒక్క సంఖ్యను జ్ఞాపకముంచుకొన్నవారు హోస్టింగువారి భాషను ఇంజనీరు భాషలోనికి, ఇంజనీరు భాషను హోస్టింగువారి భాషలోనికి ఎప్పుడైనను మార్చుకొనగలరు.

ఇక అందరును వేయు లెక్క ఇట్లుండును. దినమునకు వచ్చు సందర్శకుల సంఖ్యను ఒక్కొక్కరు చూచు పేజీల సంఖ్యచే హెచ్చించి, దానిని ఒక్కొక్క పేజీ బరువుచే హెచ్చించి, మరల నెల దినములచే హెచ్చించుట. ఉద్యోగరీత్యా వచ్చి వసంత్ కుంజ్‌లో స్థిరపడిన కొన్ని తెలుగు కుటుంబములు తమ పండుగల విశేషములు, పిల్లల ఆటపాటలు, సభల వార్తలు ఉంచుటకు ఒక సైటు పెట్టుకొన్నట్లు ఊహింతము. దినమునకు 150 మంది వత్తురు. ఒక్కొక్కరు నాలుగు పేజీలు చూతురు. పేజీ బరువు రెండు మెగాబైట్లు. ఈ రెండు మెగాబైట్ల మాట నేను గాలిలో నుండి తీసినది కాదు; ప్రపంచములోని లక్షలాది సైట్లను క్రమము తప్పక పరీక్షించు హెచ్‌టీటీపీ ఆర్కైవ్ లెక్కలలో నడిమి పేజీ బరువు ఈ మేరను దాటియేయున్నది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్‌వారు మన దేశమున సామాన్యులకు ఇంటర్నెట్టును అందించినప్పుడు టెలిఫోను తీగమీద లభించిన వేగము సెకనుకు 9,600 బిట్లు. నేటి రెండు మెగాబైట్ల పేజీ నాటి తీగమీద దిగుటకు దాదాపు 28 నిమిషములు పట్టెడిది. సరే, మన సైటుకు వత్తము: దినమునకు 1.2 గిగాబైట్లు, నెలకు 36 గిగాబైట్లు. 324తో పోల్చినచో ఇది సెకనుకు మెగాబిట్‌లో తొమ్మిదవ వంతు సగటు వేగము. నిర్వాహకుడు నెలకు 50 జీబీ ప్లాను కొని, ఇంకను మిగులు ఉన్నదని తృప్తిపడును.

ఉగాది వచ్చినది. సాయంకాలపు సభలో పిల్లలు నాట్యమాడిరి, పెద్దలు పంచాంగశ్రవణము వినిరి, ఎవరో ఫోనుతో అరువది ఫొటోలు తీసిరి. ఆ రాత్రి నిర్వాహకుడు ఆ అరువదింటిని ఉన్నవున్నట్లుగా ఒకే పేజీలో ఎక్కించెను. నేటి ఫోను తీయు ఫొటో నాలుగు మెగాబైట్లనుకొన్నను, పేజీ మొత్తము 240 మెగాబైట్లైనది. ఈ బరువు సామాన్యముగా ఎవరి దృష్టికిని రాకపోవుటకు కారణము, మనమంతా ఫొటోలు పంపుకొను వాట్సాప్ తానుగా వానిని కుదించి పంపుచుండుటయే. సైటు ఆ ఉపకారము చేయదు, మనము పెట్టినదానిని పెట్టినట్లే మోయును. లింకు గ్రూపులలో పడినది. వసంత్ కుంజ్‌వారు చూచిరి. హైదరాబాదులోని అమ్మమ్మలు, విజయవాడలోని మేనమామలు, డాలస్‌లోని చిన్నాన్నలు చూచిరి. వెయ్యిమంది చూచినచో పోయిన డేటా 240 గిగాబైట్లు. అనగా నెలకని అనుకొన్నదానికి దాదాపు ఏడు రెట్లు, ఒక్క దినములో. అంతకన్న ముఖ్యమైనది మరొకటి కలదు. లింకు అందిన పది నిమిషములలో వారిలో 200 మంది పేజీ తెరచినచో, 600 సెకన్లలో 48 గిగాబైట్లు పోవలెను; అది సెకనుకు 640 మెగాబిట్ల వేగము. నెల సగటు చూచి మనమనుకొన్న వేగమునకు ఇది అయిదువేల రెట్లకు మించినది! ఒకే యంత్రమును వందలాది సైట్లు పంచుకొను చౌక హోస్టింగులో అంతటి వేగము ఒక్కరికి దొరకుట కల్ల.

ఇప్పుడదే పేజీని మరియొక విధముగా కూర్తము. ఒక్కొక్క ఫొటోను తెరమీద స్పష్టముగా కనబడు మేరకు కుదించి, 100 కిలోబైట్లకు తెచ్చినచో పేజీ ఆరు మెగాబైట్లగును; వెయ్యిమందికి ఆరు గిగాబైట్లు; ఆ పది నిమిషముల రద్దీకి సెకనుకు 16 మెగాబిట్లు. మొదటి పేజీలో బొటనవ్రేలంత ప్రతిమలను మాత్రమే, తలకు 15 కిలోబైట్ల చొప్పున పెట్టి, కావలసినవారు నొక్కినప్పుడే పెద్దది వచ్చునట్లు చేసినచో, ఆ తొలి రద్దీకి సెకనుకు 2.4 మెగాబిట్లు చాలును. 640 ఎక్కడ, 2.4 ఎక్కడ! హోస్టింగువారికి ఒక్క రూపాయి అధికముగా చెల్లింపలేదు. పాడైపోయిన సొగసు ఏమియు లేదు.

సగటును నమ్మరాదు, రద్దీ గడియనే కొలవవలెనను ఈ సూత్రము ఇంటర్నెట్టుతో పుట్టినది కాదు. డెన్మార్కు దేశమున కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో 1908లో చేరిన ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు, ఇన్ని ఇండ్లకు ఎన్ని తీగలు, ఎందరు ఆపరేటర్లు చాలుదురను ప్రశ్నకు సమాధానము వెదకుచు, టెలిఫోను పిలుపులు ఏ లెక్కను అనుసరించి వచ్చుచున్నవో 1909లో నిరూపించెను. అతని తరువాతి టెలిఫోను ఇంజనీర్లందరును దినమంతటిలో మిక్కిలి రద్దీగా ఉండు గంటను ప్రమాణముగా గ్రహించియే తీగలు వేయుచు వచ్చిరి. నూరేండ్లు దాటినను ఆ విజ్ఞానమునకు వన్నె తగ్గలేదు. హోస్టింగు ప్లానులను అమ్మువారు గాని, కొనువారు గాని దానిని తలచుకొనకపోవుటయే విచారకరము.

మన దేశమున ఈ సత్యము కోట్లమందికి ఒక్కసారి అనుభవమునకు వచ్చిన దినము 2021 ఏప్రిల్ 28. పదునెనిమిదేండ్లు నిండినవారందరికిని కోవిడ్ టీకా కొఱకు ఆనాటి సాయంకాలము నాలుగు గంటలకు కోవిన్ సైటులో నమోదు తెరచిరి. ఒకానొక దశలో నిమిషమునకు 27 లక్షల అభ్యర్థనలు సర్వర్లను తాకినట్లు అధికారులే ప్రకటించిరి. అనగా సెకనుకు నలుబది అయిదువేలు. తొలి నిమిషములలో సైటు తెరచుకొనక, ఓటీపీ రాక, జనులు ఆందోళనపడిన మాట నిజమే. అయినను ఆ ఒక్క దినమున కోటిమందికి పైగా నమోదైరి. తిరుమల దర్శనపు 300 రూపాయల టికెట్లు ఆన్‌లైనులో విడుదలయగు ఉదయమున ఏమి జరుగునో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. కొండమీద క్యూ ఉన్నట్లే అక్కడను మనలను ఒక క్యూలో నిలిపి, వంతు వచ్చునంతవరకు వేచియుండుమనుట ఆ గడియ రద్దీని తట్టుకొనుటకు కనిపెట్టిన ఉపాయమే.

పరీక్షా ఫలితముల విషయమున నాకు మరింత పట్టుదల కలదు. పది లక్షలమంది ఇంటర్మీడియట్ విద్యార్థుల ఫలితములు వెలువడిన తొలి గంటలో, విద్యార్థియు, తల్లిదండ్రులలో ఒకరును, ఒక బంధువును కలిసి తలకు ముగ్గురు చూచిరనుకొందము. ముప్పది లక్షల పేజీలు. మార్కుల పట్టిక నిజమునకు కొన్ని అంకెలు, కొన్ని అక్షరములు. పేజీతో సహా 50 కిలోబైట్లలో హాయిగా ఇముడును. అట్లైనచో గంటకు 150 గిగాబైట్లు, సగటున సెకనుకు 333 మెగాబిట్లు. అదే పేజీని ప్రకటనలతోను, కదలు బొమ్మలతోను నింపి రెండు మెగాబైట్లు చేసినచో సెకనుకు పదమూడు వేల మెగాబిట్లు దాటును. గుండె దడదడలాడుచు హాల్‌టికెట్టు సంఖ్య కొట్టి ఎదురుచూచు పిల్లవానికి, తన మార్కులతో సంబంధము లేని బొమ్మలు దిగువరకు ఆగుమని చెప్పుట న్యాయము కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరిలో ఆరంభించిన మన మిత్ర వాట్సాప్ సేవ ద్వారా ఆ సంవత్సరము ఇంటర్ ఫలితములను అందించుట ఈ దృష్టితో చూచినచో మెచ్చదగిన పని. ఫలితము చిన్న సందేశముగా వచ్చును, ఒక్క సైటు మీద పడు ఒత్తిడి పలుచబడును.

పాశ్చాత్యదేశములలోని పెద్ద సంస్థలును ఈ పాఠమును కష్టపడియే నేర్చుకొన్నవి. 1999 అక్టోబరులో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికావారు తమ విజ్ఞానసర్వస్వమును వెబ్‌లో ఉచితముగా చదువుకొనుడని ప్రకటించగా, జనము వెల్లువెత్తి, సైటు రోజుల తరబడి అందుబాటులో లేకపోయెను. 2001 సెప్టెంబరు 11 ఉదయమున న్యూయార్కు జంట భవనములు కూలినప్పుడు సి.ఎన్.ఎన్. సైటు మీద పడిన రద్దీకి నిర్వాహకులు చేసిన పని చూడుడు: ముఖపత్రము మీది అలంకారములను, ప్రకటనలను, ప్రతిమలను ఒక్కొక్కటిగా ఊడదీసి, వార్త మాత్రము మిగులునట్లు చేసిరి. ఆనాడు లోకమునకు కావలసినది వార్తయే. అదే ఘోరములో, రద్దీని ప్రపంచమంతట పరచియున్న సర్వర్లకు పంచిపెట్టు అకమాయి సంస్థను టామ్ లైటన్‌తో కలిసి 1998లో నెలకొల్పిన డేనియల్ లెవిన్, హైజాకైన విమానములలో ఒకదానిలో ప్రయాణించుచు మరణించెను. ఆతడు కల్పించిన పద్ధతియే ఆ దినమున పెక్కు సైట్లు నిలిచి పలుకుటకు తోడ్పడినది. చదువరికి దగ్గరగా ఉన్న సర్వరులో పేజీ ప్రతిని ఉంచి అక్కడినుండియే ఇచ్చు ఈ సదుపాయము నేడు చిన్న సైట్లకును, కొన్ని సంస్థలవద్ద ఉచితముగానే, లభించుచున్నది. దగ్గరతనము మాట వచ్చినది గనుక చెప్పవలసినది: ఒకప్పుడు ఢిల్లీలోని ఒక కంపెనీ కనెక్షను నుండి అదే ఢిల్లీలోని మరొక కంపెనీ కనెక్షనుకు పోవు డేటా సైతము విదేశములు చుట్టి వచ్చెడిది, దానిని మాన్పుటకే 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్‌చేంజి ఆఫ్ ఇండియా ఏర్పడినది. అమెజాన్ క్లౌడ్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదునందే తన కేంద్రమును తెరచినది. తెలుగువారి సైటు తెలుగునేలమీది సర్వరులో ఉండవచ్చును.

తెలుగు సైట్లకు ప్రత్యేకమైన ఒక సంగతి కలదు. నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరము ఒక్క బైటుతో సరిపెట్టుకొనును. తెలుగు వర్ణమునకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు కూడ తలకు మూడు బైట్లు కావలెను. ‘స్త్రీ’ అను ఏకాక్షరమున సకారము, తకారము, రేఫ, రెండు పొల్లులు, ఈకారపు గుర్తు కలిసి ఆరు సంకేతములు. మొత్తము పదునెనిమిది బైట్లు. ఇది విని కంగారుపడవలదు. ఈ వ్యాసమంత వ్రాత ఏబది అరువది కిలోబైట్లలో ఇముడును. సర్వరులో జీజిప్ కుదింపును ప్రారంభించినచో, ఒకే రకపు సంకేతములు మరలమరల వచ్చుచుండుట చేత, అందులో స్వల్పభాగమే ప్రయాణము చేయును. మన లిపి ఎన్నడును భారము కాదు. దానికి సొగసుగా తొడిగిన ఫాంటు మాత్రము, ఒత్తుల ఆకృతులన్నియు మోయవలెను గనుక, వందల కిలోబైట్లు తూగవచ్చును. అందుచేత ఒక్క ఫాంటుతో తృప్తిపడుట మేలు.

ఊహతో వేసిన లెక్కను నిజముతో సరిచూచుకొనుటకు సర్వరు వ్రాసియుంచు లాగ్ ఫైలు చాలును. అందులో ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క అభ్యర్థనకు సాక్ష్యము: వచ్చినవారి ఐపీ చిరునామా, భారత కాలమును సూచించు +0530 గుర్తుతో తేదీయు గంటయు, అడిగిన ఫైలు పేరు, 200 అను సఫలతా సంఖ్య, చివర 4183022 వంటి అంకె. ఆ చివరి అంకెయే బైట్లు. నాలుగు మెగాబైట్ల ఫొటో దొంగ అచ్చటనే పట్టుబడును. 200కు బదులు 304 ఉన్నచో, చదువరి బ్రౌజరులో పాత ప్రతి భద్రముగా ఉన్నదనియు, ఫైలును మరల మోయనక్కరలేదనియు అర్థము. ఈ 304లు ఎంత అధికమైన అంత మంచిది. లాగ్ చదువునప్పుడే తెలియు మరియొక విషయము, వచ్చువారందరును మనుష్యులు కారనుట. వెదకు యంత్రముల వారి, కృత్రిమ మేధ సంస్థల వారి రోబోలు పేజీ పేజీ త్రిప్పి తోడుకొని పోవుచుండును. వికీపీడియాను నిర్వహించు వికీమీడియా ఫౌండేషనువారు, 2024 జనవరి మొదలు తమ ఫొటోలు, వీడియోల డౌన్‌లోడు బ్యాండ్‌విడ్త్ 50 శాతము పెరిగినదనియు, అది ప్రధానముగా ఇట్టి రోబోల వలననే యనియు 2025 ఏప్రిల్‌లో వెల్లడించిరి. కనుక మనుష్యులకు వేసిన లెక్కకు సగము అదనముగా కలుపుకొనుట వివేకము.

ఇక ధర. పెద్ద క్లౌడ్ సంస్థలు సాధారణముగా లోపలికి వచ్చు డేటాకు రుసుము తీసికొనవు. బయటికి పోవుదానికే గిగాబైటు లెక్కన వసూలు చేయును. డేటా కేంద్రములలో వేగమునుబట్టి ధర కట్టు పద్ధతి మరియొకటి కలదు: అయిదు నిమిషములకొకసారి వేగము కొలిచి, నెలకు వచ్చిన 8,640 కొలతలలో అత్యధికములైన అయిదు శాతమును, అనగా 432 కొలతలను, విడిచి, మిగిలినవానిలో పెద్దదానికి బిల్లు వేయుదురు. అనగా నెలలో 36 గంటల రద్దీ ఉచితమే. మన ఉగాది రాత్రి అందులో సుఖముగా కలిసిపోవును. ‘అన్‌లిమిటెడ్’ అని పెద్ద అక్షరములలో చాటు చౌక ప్లానుల క్రింద, మితిమీరి వాడినచో ఆపివేయుదుమను షరతు చిన్న అక్షరములలో ఉండుట సర్వసాధారణము. మేర దాటిన సైటును తెరచినవారికి 509 అను అంకెతో బ్యాండ్‌విడ్త్ పరిమితి మించినదను తెల్లని పేజీ కనబడును. పిల్లల నాట్యము చూడవచ్చిన తాతగారికి అది ఏమి చెప్పునో నిర్వాహకులు ఆలోచింపవలెను.

ఆ తాతగారి పక్షమున మరియొక్క మాట. మనము పంపు ప్రతి బైటునకు రెండు కొసలలోను ధర కట్టుచున్నారు: ఈ కొస సైటు యజమాని, ఆ కొస చదువరి. దినమునకు 1.5 జీబీ దొరకు ఫోను ప్లానుతో పల్లెలో కాలము గడుపువారు ఆ 240 మెగాబైట్ల ఉగాది పేజీని ఒక్కసారి తెరచినచో, ఆనాటి డేటాలో దాదాపు ఆరవ వంతు దానికే చెల్లిపోవును. కావున తెలుగు సమాజముల, పాఠశాలల, గ్రంథాలయముల సైట్లు నడుపు మిత్రులను నేను వేడుకొనునది ఇది: ఫొటోలను కుదించిన తరువాతనే ఎక్కింపుడు, వీడియోలను యూట్యూబులో ఉంచి లింకు మాత్రము ఇండు, నెలకొకసారి లాగ్ ఫైలు తెరచి బరువైన పది ఫైళ్ళను గుర్తింపుడు, హోస్టింగు కొనునప్పుడు నెలకెన్ని జీబీలో అడిగినంతతో ఊరకుండక, పది నిమిషములలో రెండు వందలమంది వచ్చినచో మీ సర్వరు ఎంత వేగము ఇయ్యగలదు, మేర దాటినచో సైటును ఆపుదురా, అదనపు రుసుము వేయుదురా అని కూడ అడిగి, ఆ జవాబును వ్రాతమూలకముగా తీసికొనుడు.